డైక్‌స్ట్రా మహాశయుడు – వాడని గడియారాలు

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని మిత్రులు అడిగినప్పుడు, అందరూ వ్రాసే పేర్లు వదిలి ఒక పరదేశి పేరు ఎంచుకున్నాను. కంప్యూటర్ శాఖలో చదివే మనకు ఆయన పేరు కొత్తది కాదు. అతి దగ్గర దారి కనుక్కునే పద్ధతి ఆయనదే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల అని నాలుగు చుక్కలు పెట్టి, గీతల మీద కిలోమీటర్లు వేసి, జవాబు కట్టి పరీక్ష హాలు నుంచి బయట పడతాము. ఆ మనిషి ఎవరు, బ్రతుకంతా దేనితో కుస్తీ పట్టినాడు అని అడిగితే మాత్రం మనలో చాలామందికి నోరు పెగలదు. దగ్గర దారి సంగతి ఆయనకు ఇరవై నిమిషాల పని. అసలు కుస్తీ వేరే ఉన్నది, దాని గురించే నేను వ్రాయదలచుకున్నాను.

ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1930 మే 11న హాలెండు దేశంలోని రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి రసాయన శాస్త్రవేత్త, తల్లి గణితం చదివిన మనిషి. న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్య సమితిలో తన దేశం తరఫున కూర్చోవాలని కుర్రవాడి కోరిక. లెక్కల్లో, సైన్సులో మార్కులు దండిగా వచ్చేసరికి ఆ కోరిక ప్రక్కకు పోయి లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. (మన ఇండ్లల్లో జరిగేదే అక్కడా జరిగిందన్న మాట.) 1951లో కేంబ్రిడ్జికి పోయి మూడు వారాలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 1952 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ఉద్యోగంలో చేరాడు. 1957లో మరియా డెబెట్స్‌ను పెండ్లాడినప్పుడు వృత్తి అన్న గడిలో ప్రోగ్రామర్ అని వ్రాస్తే, అలాంటి వృత్తి లేదని నగర పాలక సిబ్బంది ఒప్పుకోలేదు. సైద్ధాంతిక భౌతిక శాస్త్రజ్ఞుడు అని వ్రాయించుకోవలసి వచ్చింది.

దగ్గర దారి కథ 1956 నాటిది. ఆర్మాక్ అనే కొత్త యంత్రం ఏమి చేయగలదో జనానికి చూపించడానికి ఒక లెక్క కావలసి వచ్చింది. భార్య కాబోయే పిల్లతో బజారు తిరిగి, అలసి, కాఫీ త్రాగుతూ, కాగితం కలం లేకుండానే ఆయన ఆ పద్ధతి కట్టేశాడు. అచ్చయింది మాత్రం 1959లో, మూడు పేజీల వ్యాసంగా.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆర్మాక్ తర్వాత లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇంజనీర్లు ఎక్స్-1 అనే యంత్రం తలపెట్టారు. అంతకు ముందటి యంత్రాలు టైపు మిషను ఒక అక్షరం కొట్టే దాకా ఊరకనే ఎదురుచూసేవి. ఎక్స్-1 అట్లా కాదు. యంత్రం తన లెక్క తాను చేసుకుంటూ ఉంటుంది, పరికరం పని అయిపోగానే నడుమ వచ్చి పిలుస్తుంది. దీనినే ఇంటరప్ట్ అంటాము. ఇంజనీర్లకు సంతోషం, డైక్‌స్ట్రాకు గుండెల్లో రాయి! ఎందుకంటే ఆ పిలుపు ఏ క్షణాన వస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండు ఆదేశాల నడుమ సరిగ్గా ఒక్క చోట వస్తేనే తప్పు బయటపడుతుంది, రేపు అదే ప్రోగ్రాము మళ్ళీ నడిపిస్తే కనబడదు. పరీక్షించి సరిచేద్దాం అంటే కుదరని తప్పు అది. కొన్ని నెలలు ఆయన వద్దంటూనే ఉన్నాడు, చివరకు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తర్వాత, పిలుపు ఎప్పుడు వచ్చినా చెడిపోని విధంగా ప్రోగ్రాము వ్రాసి, దాని మీదనే 1959లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టరేటు పొందాడు. పరికరానికీ తక్కిన ప్రోగ్రాములకూ నడుమ నిలబడే ఇటువంటి ప్రోగ్రామునే ఇప్పుడు మనం డ్రైవర్ అంటున్నాము.

1960లో జాప్ జోన్‌వెల్డ్‌తో కలిసి ఆల్గాల్ 60 భాషకు కంపైలర్ వ్రాశాడు. పని ముగిసే దాకా గడ్డం గీయవద్దని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారట. పని ముగిసింది, జోన్‌వెల్డ్ గడ్డం తీసేశాడు, డైక్‌స్ట్రా ఉంచుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే గడ్డం అదే.

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విద్యాలయంలో గణితాచార్యుడుగా చేరి, ఐదారుగురితో ఎక్స్-8 యంత్రానికి ఒక ఆపరేటింగ్ సిస్టం కట్టాడు. విద్యాలయం పేరులోని పొడి అక్షరాలతో దానికి టి.హెచ్.ఇ. అని పేరు వచ్చింది. 1968లో ప్రకటించాడు. దానిని అంతస్తులుగా కట్టడమే అందులోని గొప్ప. అన్నిటికన్నా క్రింద, సున్నా అంతస్తులో, ఎవరికి ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలో తేల్చే పని. యంత్రంలోని గడియారం కొట్టే ఇంటరప్టును అందుకునేది కూడా అక్కడే, ఒక్కడే అంతా కాజేయకుండా. పై అంతస్తుల వాళ్ళకు ఆ గడియారం ఉన్నదనే తెలియనక్కరలేదు.

1960ల్లోనే మరొక రెండు పనులు చేశాడు. అనేక ప్రోగ్రాములు ఒకే వస్తువు మీద చెయ్యి వేసినప్పుడు, ఒకరు లోపల ఉండగా మరొకరు రాకుండా చూడటం ఎట్లా అన్న ప్రశ్నకు జవాబు మొదటిది. సెమఫోర్ అనే లెక్కపెట్టే గుర్తు రెండవది. పేరు రైల్వే సిగ్నలు నుంచి తెచ్చుకున్నాడు. ఒక అంకె ఉంటుంది, లోపలికి పోయేవాడు తగ్గిస్తాడు, బయటికి వచ్చేవాడు పెంచుతాడు, సున్నా అయితే ఆగాలి. ఇంతే.

ఇప్పుడు మన సెల్‌ఫోన్ల సంగతి చూద్దాం. లోపలి చిప్పులో వందల కొద్దీ గడియారాలుంటాయి. ముండ్లు తిరిగే గడియారాలు కావు, సెకనుకు లక్షలు, కోట్ల దెబ్బలు కొట్టే విద్యుత్ సంకేతాలు. తెరకు ఒకటి, కెమెరాకు ఒకటి, మెమరీ కార్డుకు ఒకటి. దెబ్బ పడినప్పుడల్లా కొంత కరెంటు ఖర్చు. దెబ్బల వేగం ఎంత పెరిగితే ఖర్చు అంత, వోల్టేజి పెరిగితే దాని వర్గమంత. కెమెరా తీయకపోయినా దాని గడియారం కొడుతూనే ఉంటే బ్యాటరీ ఉత్తగనే కారిపోతుంది.

మాది సిరిసిల్ల. సాంచెల చప్పుడులో పెరిగినవాణ్ణి కనుక నాకు ఇది తొందరగా అర్థమైంది. కార్ఖానాలో భీము అయిపోయిన సాంచె మోటారు తిరుగుతూ ఉంటే గుడ్డ రాదు, బిల్లు వస్తుంది. కాబట్టి ఆసామి చుట్టూ తిరిగి, మనిషి లేని సాంచె స్విచ్చు దించేస్తాడు. అయితే కండెలు చుట్టే మిషను దగ్గర ఆ నిమిషం ఎవరూ కనబడలేదని దానిని కూడా ఆపితే? కాసేపటికి కండెలు లేక అన్ని సాంచెలూ నిలబడతాయి.

లైనక్స్ కెర్నెల్‌లో సరిగ్గా ఈ ఆసామి పనే జరుగుతుంది. వెనుక ఒక్కొక్క చిప్పు తయారీదారుకు ఒక్కొక్క పద్ధతి ఉండేది. 2012లో 3.4వ వెర్షన్‌తో అందరికీ కలిపి ఒకే గడియార వ్యవస్థ వచ్చింది. ప్రతి గడియారానికీ ఒక లెక్క ఉంటుంది. కావలసిన డ్రైవర్ అడిగినప్పుడు లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది, సున్నాకు వస్తే గడియారం ఆగుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, కెర్నెల్ లేచే ముందే బూట్‌లోడర్ అనేది కొన్ని గడియారాలు తిప్పి పోయి ఉంటుంది. వాటికి లెక్కలో పేరు లేదు. అందువల్ల మొదలయ్యే పనులన్నీ ముగిసే వేళకు కెర్నెల్ ఒకసారి చెట్టంతా తిరిగి, నడుస్తూ ఉండి లెక్క సున్నాగా ఉన్న ప్రతి గడియారాన్నీ ఆపేస్తుంది. కొమ్మలు ముందు, మొదలు తర్వాత.

ఈ సంగతి నాకు చదువుతే రాలేదు. ప్రాజెక్టు కోసం ఒక చిన్న బోర్డు మీద లైనక్స్ ఎక్కిస్తిమి. తెర మీద అక్షరాలు చకచకా పరుగెత్తుతున్నాయి, అంతా బాగుందనుకునే లోపల చీకటి. బోర్డు చచ్చిపోలేదు, తీగ ద్వారా మాట్లాడితే పలుకుతోంది. మూడు రోజులు వైర్లు మార్చి మార్చి చూస్తిమి. తెర డ్రైవర్ విడి మాడ్యూలుగా ఉండి, ఆలస్యంగా వస్తుంది. అది వచ్చి అడిగే లోపలే కెర్నెల్ ఆసామి తెర గడియారం స్విచ్చు దించేశాడు! వాడని గడియారాలను ముట్టుకోవద్దని బూట్ లైనులో ఒక మాట చేర్చితే తెర వెలిగింది. కాని అది రోగానికి మందు కాదు, నొప్పికి గోలీ. అట్లా చేస్తే నిజంగా అక్కరలేని గడియారాలు కూడా కొడుతూనే ఉంటాయి. డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కట్టినాక అది ముందుగానే లేచి తన గడియారాన్ని అడిగి తీసుకుంది. ఏ డ్రైవర్‌కూ చెందకున్నా ఆగితే యంత్రమే నిలిచిపోయే గడియారాలు కొన్ని ఉంటాయి. వాటికి ముఖ్యమైనది అన్న గుర్తు పెడితే కెర్నెల్ తానే ఒక లెక్క పట్టుకుని ఉంటుంది, సున్నాకు రానివ్వదు.

ఈ గడియార వ్యవస్థ డైక్‌స్ట్రా కట్టినది కాదు. అది వచ్చేనాటికి ఆయన పోయి పదేళ్ళు. అయినా ఆ లెక్క చుట్టూ రెండు తాళాలున్నాయి. గడియారాన్ని సిద్ధం చేసేటప్పుడు వేసే తాళం దగ్గర ఎదురుచూస్తూ నిద్రపోవచ్చు. తిప్పేటప్పుడు వేసే తాళం దగ్గర ఇంటరప్టులు ఆపి, నిద్రపోకుండా పని ముగించాలి. ఒకే క్షణాన ఇద్దరు ఆ అంకెను మార్చకూడదు, పిలుపు ఎప్పుడు వచ్చినా చెడిపోకూడదు. ఎక్స్-1 ముందు కూర్చుని ఆయన పడిన భయమే ఇది. హైదరాబాదులో చిప్పుల కంపెనీల్లో ఉద్యోగానికి పోదామనుకునే మన కళాశాల మిత్రులు దగ్గర దారి పద్ధతితో పాటు దీనిని కూడా పట్టుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ మా మూడు రోజుల చీకటి లక్షల ఫోన్లలో చీకటి అవుతుంది.

తక్కిన జీవితం క్లుప్తంగా చెబుతాను. 1968లో గోటూ వాడకం మీద ఒక లేఖ వ్రాసి దుమారం రేపాడు. 1972లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. 1973 నుంచి బరోస్ కంపెనీ పరిశోధకుడుగా న్యూనెన్ గ్రామంలోని ఇంటి నుంచే పని చేశాడు. 1984లో అమెరికా వెళ్ళి ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి 1999 దాకా బోధించాడు. ఇంటిలో టెలివిజన్ పెట్టుకోలేదు. ప్రపంచానికి ప్రోగ్రామింగ్ నేర్పినవాడు తన వ్యాసాలు మాత్రం సిరా కలంతో ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాసి, నంబర్లు వేసి, నకళ్ళు మిత్రులకు పంపేవాడు. అవి పదమూడు వందలు దాటాయి. ఆయన నోటి దురుసు కూడా తక్కువేమీ కాదు. ఒప్పుకోనివారిని చీల్చి చెండాడేవాడు, అందువల్ల శత్రువులూ ఉండేవారు.

1974లో రెండు పేజీల వ్యాసం ఒకటి వ్రాశాడు. ఒక వ్యవస్థ ఏ స్థితిలో ఉందో తెలియకుండా మొదలైనా, ఎవరూ సరిచేయకుండా తనంతట తాను సరియైన స్థితికి ఎట్లా చేరుకోగలదు అన్నది విషయం. బూట్‌లోడర్ ఏ గడియారం తిప్పి పోయిందో తెలియక లేచే కెర్నెల్‌ను చూసినప్పుడల్లా నాకు ఈ వ్యాసం గుర్తుకు వస్తుంది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1983లో లాంపోర్ట్ అనే శాస్త్రవేత్త ఒక సభలో దాని విలువ చెప్పిన తర్వాతనే జనం చదివారు. 2002లో ఆ వ్యాసానికి ఒక పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టు 6న న్యూనెన్‌లో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం నుంచి ఆ పురస్కారానికే డైక్‌స్ట్రా పేరు పెట్టారు.