తెలుగు లోతును కొలిచిన బ్రౌను దొర

ఒక భాష కఠినమైనది, మరియొక భాష సులభమైనది అనే మాట లోకంలో తరచు వినవస్తుంది. ఐతే ఈ కాఠిన్యాన్ని తూచవలసిన తక్కెడ ఏది? పదాల రూపభేదాలను లెక్కించవలెనా? సంధి సమాసాల చిక్కును చూడవలెనా? లేక ఒక్క మాటలో ఇమిడిన అర్థాల బరువును తూచవలెనా? ఈ ప్రశ్నను కడప కచేరీలో నిత్యం ఎదుర్కొని, దానికొక సమాధానం వెదకడానికే జీవితాన్ని వెచ్చించిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు, బహుభాషా ప్రియుడు. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లండు చేరినది. హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించుకొని, బ్రౌను 1817 ఆగస్టులో కుంపిణీ ఉద్యోగిగా మద్రాసులో అడుగుపెట్టినాడు. సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు నేర్పినాడు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియుక్తుడైనాడు.

అప్పటికే ఆంగ్లేయుల కోసం తెలుగు వ్యాకరణాలు వెలువడినవి. విలియం కేరీ 1814లో ఒకటి, ఎ.డి. కాంబెల్ 1816లో మరొకటి ప్రకటించినారు. తెలుగు ధాతువులు సంస్కృతం నుండి పుట్టినవి కావని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ కాంబెల్ గ్రంథానికి వ్రాసిన ఉపోద్ఘాతంలోనే నిరూపించినాడు. ఐనను బోధన మాత్రం పాత బాటనే నడిచినది. నన్నయ పేర ప్రసిద్ధమైన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృత సూత్రాలలో ఉన్నది. ఆ కొలబద్దతో కొలిచినప్పుడు తెలుగు మిక్కిలి జటిలంగా కనిపించడంలో వింత లేదు.

కచేరీకి వచ్చే రైతు భాష వేరు. ఆ భాష చిక్కులూ వేరు. ఆంగ్లంలో పురుషునికొక సర్వనామం, స్త్రీకొకటి, వస్తువుకొకటి ఉన్నవి. క్రియ మాత్రం మారదు. తెలుగులో క్రియయే మారుతుంది. రాముడు వచ్చినాడు అంటాము. సీత వచ్చినది, బండి వచ్చినది అంటాము. బహువచనం రాగానే స్త్రీలు పురుషులతో చేరి వచ్చినారు. బండ్లు మాత్రం వచ్చినవి. ఎదుటివానిని కలుపుకొంటే మనము, విడిచిపెడితే మేము. ఆంగ్లంలో ఈ రెంటికీ ఒకటే మాట. అటు ఆంగ్లంలో నామవాచకానికి ముందు వచ్చే ఉపపదాల చిక్కు మన పిల్లలకు ఏళ్లు గడచినా తీరదు. ఒకచోట తేలికైన భాష మరొకచోట బరువెక్కుతుంది.

అర్థం విషయమూ ఇంతే. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ అని మనం విడదీసి చెప్పే వారందరూ ఆంగ్లంలో అంకుల్ అనే ఒక్క పదంలో ఒదిగిపోతారు. ఆస్తి వ్యాజ్యంలో ఈ భేదం తెలియని న్యాయాధికారి వారసుని గుర్తించలేడు. రేగడి, చౌడు, గరుసు అని రైతు చెప్పిన తేడాలను ఒకే మాటతో అనువదిస్తే ఆ నేలపై వేసిన శిస్తు అన్యాయమవుతుంది. వాన చాలని సీమలో అర్థభేదం అన్నానికి సంబంధించిన సంగతి.

మచిలీపట్నం, రాజమహేంద్రవరాలలో పనిచేసి, 1826లో కడపకు తిరిగి వచ్చిన బ్రౌను అక్కడ బంగళా కొని, పండితులను కూర్చి, తన జీతం నుండి వారికి వేతనాలిచ్చి పోషించినాడు. ఆ బంగళా బ్రౌను కాలేజీగా పేరుపొందినది. 1827లో ఛందస్సుపై గ్రంథం వెలువడినది. వేమన పద్యాలను అనేక తాళపత్ర ప్రతులతో సరిపోల్చి 1829లో 693 పద్యాలను, 1839లో 1164 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించినాడు. వేమన మాటల్లో వ్యాకరణం తేలిక, అర్థం గంభీరం. ప్రబంధాలలోనో రెండూ కఠినమే. అందుచేతనే వసుచరిత్ర, మనుచరిత్రలకు జూలూరి అప్పయ్య మొదలైన పండితుల సహాయంతో టీకలు సిద్ధం చేయించినాడు.

1840లో ప్రకటించిన తెలుగు వ్యాకరణంలో బ్రౌను కావ్యభాషతోపాటు వాడుక రూపాలకూ చోటిచ్చినాడు. 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువడినది. కర్నూలు 1839 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్నది. ఆ సీమ కచేరీలలో పారసీ, హిందుస్తానీ మాటలు తెలుగులో కలిసిపోయి ఉండెను. ఇట్టి మిశ్రభాషా పదాలకు 1854లో వేరొక నిఘంటువునే కూర్చినాడు. శుద్ధం కాదని పండితులు తోసివేసిన మాటలకూ అర్థం తెలియకపోతే ఫిర్యాదిదారునికి నష్టమేనని ఆయన గ్రహించినాడు.

బ్రౌను తక్కెడ కూడ సంపూర్ణం కాదు. తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయుని సౌకర్యమే ఆయన దృష్టిలో తరచు ముందు నిలిచినది. ఇంట పుట్టిన బిడ్డకు ఆ కష్టమే తెలియదు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఇంకా ముందుకు పోయినారు. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధన 17 భాషలను పరీక్షించినది. వాటిలో తెలుగు లేదు. కొన్ని భాషలను వేగంగా, కొన్నింటిని నిదానంగా పలికినను, సెకనుకు అందే సమాచారం సుమారు 39 బిట్ల చుట్టుపక్కలనే ఉన్నదని అందులో తేలినది. అక్షరాలలో సమాచారం పలుచనైనచోట పలుకు వేగం హెచ్చుతున్నదన్నమాట.

1855లో బ్రౌను ఈ దేశం విడిచినాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడైనాడు. 1884 డిసెంబరు 12న అక్కడనే కన్నుమూసినాడు. కడపలో ఆయన నివసించిన స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో బ్రౌను పేర గ్రంథాలయం వెలసినది. తెలుగు కఠినమని విద్యార్థి విసుగుకొన్నప్పుడు, ఆ కాఠిన్యం సంధిలో ఉన్నదా, విభక్తిలో ఉన్నదా, అర్థంలో ఉన్నదా అని ఉపాధ్యాయుడు అడిగి చూడవలెను. చిక్కు ఎక్కడున్నదో తెలిసిన తరువాత దానిని విప్పడానికి అట్టే కాలం పట్టదు.