క్రికెట్టు వీరులు కొట్టారి కనకయ్య నాయుడుగారు

తెలుగువారు ఆంధ్రదేశమున మాత్రమే కలరనుకొనుట సరికాదు. మన కోలారు జిల్లాలోని ముళబాగలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములయందు ఇంట తెలుగును, కచేరిలో కన్నడమును వాడుచు తరతరములుగా జీవించుచున్న కుటుంబములు ఎన్నియో కలవు. బంగారు గనుల ఊళ్ళలో వీనికి తమిళము కూడ తోడగును. ఇట్లే పరభాషా ప్రాంతమున స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమున జన్మించి, భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టునకు నాయకత్వము వహించిన మహనీయులు సి. కె. నాయుడుగారు. వారి పూర్తి నామధేయము కొట్టారి కనకయ్య నాయుడు.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. పూర్వులు మచిలీపట్టణపు వారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లాండునందు కేంబ్రిడ్జిలో చదివి న్యాయవాది అయిన విద్యావంతులు. కుమారుడు హిస్లాపు పాఠశాలలోను, పిదప హిస్లాపు కళాశాలలోను చదివెను. బాల్యముననే పాఠశాల జట్టులో చోటు సంపాదించెను. క్రికెట్టే గాక హాకీ, ఫుట్‌బాలు ఆటలయందును ఆరితేరెను. పొడవైన, దృఢమైన దేహము, చురుకైన చూపు, బంతి వెంట అలుపెరుగక పరుగెత్తు కాళ్ళు ఆయనకు చిన్ననాటినుండి అబ్బిన సంపద.

ఆ దినములలో మన దేశమున క్రికెట్టు రాష్ట్రముల వారీగా సాగెడిది కాదు. బొంబాయిలో హిందువులు, ముసల్మానులు, పారసీలు, ఐరోపీయులు వేర్వేరు జట్లుగా పోటీపడెడివారు. 1916లో హిందూ జట్టు ఐరోపీయులతో ఆడునపుడు నాయుడుగారికి పిలుపు వచ్చెను. ఏడుగురు బ్యాట్సుమన్లు 79 పరుగులకే వెనుదిరిగిన కష్టకాలమున ఆయన బరిలో దిగెను. మొదటి మూడు బంతులను జాగ్రత్తగా ఆపెను. నాలుగవ బంతి మైదానపు హద్దుకు ఆవల పోయి పడెను. పెద్ద ఆటలలో ఆయన ఖాతాకు చేరిన తొలి పరుగులే ఆ ఆరు పరుగులు!

నాడు మన దేశమున క్రికెట్టు ఆటతో కడుపు నింపుకొను మార్గము లేదు. రాజులో, జమీందారులో ఆదరించినగాని ఆటగానికి బ్రతుకుతెరువు దొరకెడిది కాదు. 1923లో ఇందూరు సంస్థానమును ఏలుచుండిన హోల్కరు మహారాజు నాయుడుగారిని రావించి తమ సైన్యమున ఉద్యోగమిచ్చిరి. అది మొదలు ఇందూరే వారి నివాసమయ్యెను. ఆట జీవనాధారమైనను, దానిని వారు ఉద్యోగముగా గాక తపస్సుగా భావించిరి.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లాండునుండి ఎం. సి. సి. జట్టు వచ్చెను. డిసెంబరు నెలలో బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టుతో పోటీ జరిగెను. వచ్చినవారు 363 పరుగులు చేసిరి. వారిలో గై ఎర్ల్ అను ఆటగాడు ఎనిమిది సిక్సర్లు కొట్టి ప్రేక్షకులను ఆశ్చర్యపరచెను. దానికి బదులుగా నాయుడుగారు రెండు గంటలైనను ఆడకయే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు పదకొండు! వార్త వినిన జనులు పనులు మానుకొని మైదానమునకు పరుగెత్తిరని, చుట్టుప్రక్కల మేడలమీదను చెట్లమీదను కూడ మనుష్యులే కనబడిరని చెప్పుదురు. ఎం. సి. సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు టెస్టు ఆటకు అర్హులను నమ్మిక ఆ దినమున బలపడెను. 1928లో భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లాండు వెళ్ళెను. పోరుబందరు మహారాజు నాయకులు, లింబ్డి రాజవంశీయులొకరు ఉపనాయకులు. పోరుబందరు మహారాజు తమ ఆట శక్తి ఎంతటిదో ఎఱిగినవారు. దేశగౌరవముకొరకు స్వయముగా తప్పుకొనిరి. ఉపనాయకులు గాయపడియుండిరి. అందుచే జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున ప్రారంభమైన మన తొలి టెస్టుకు నాయుడుగారు నాయకులైరి. రాజు కానివాని క్రింద ఆడుటకు జట్టులోనే కొందరికి మనసొప్పలేదు. అయినను ఆట మొదలు కాగానే మహమ్మదు నిస్సారు బంతులకును, లాల్ సింగు చురుకైన ఫీల్డింగునకును ఇంగ్లాండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. ఫీల్డు చేయుచు నాయుడుగారు చేతికి దెబ్బ తగిలించుకొనిరి. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. మన మొదటి ఇన్నింగ్సులో అదియే అత్యధికము. 158 పరుగుల తేడాతో ఓడినను, మన జట్టు తలవంచి రాలేదు. ఆ పర్యటనలో నాయుడుగారు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి. ప్రసిద్ధమైన విజ్డెన్ గ్రంథము మరుసటి ఏట ఆయనను అయిదుగురు మేటి ఆటగాండ్రలో ఒకరిగా ఎంచెను.

పేరు వచ్చిన పిదప పరీక్ష కూడ వచ్చెను. 1936లో ఇంగ్లాండు వెళ్ళిన జట్టుకు ఆయనను గాక విజయనగర మహారాజకుమారుని నాయకునిగా చేసిరి. ఆటలో ఆయన నాయుడుగారికి ఏమాత్రము సాటి కారు. మూడు టెస్టులలో కలిపి చేసిన పరుగులు 33 మాత్రమే. జట్టులో కక్షలు పెరిగెను. చక్కగా ఆడుచుండిన లాలా అమర్‌నాథు మధ్యలోనే స్వదేశమునకు పంపబడెను. నాయుడుగారికిని అవమానములు తప్పలేదు. ఆయన అలిగి తిరిగి రాలేదు. ఓవల్ మైదానమున జరిగిన చివరి టెస్టులో వేగముగా వచ్చిన బంతి ప్రక్కటెముకలకు బలముగా తగిలెను. నొప్పిని ఓర్చుకొని నిలిచి 81 పరుగులు చేసిరి. టెస్టులలో వారి అత్యధికము అదియే, వారి చివరి టెస్టు కూడ అదియే. మొత్తము ఏడు టెస్టులు మాత్రమే వారికి దక్కినవి. దేశమునకు టెస్టులు లభించునప్పటికి వారికి ముప్పదియారేండ్లు నిండియుండెను!

అంతటితో వారు బ్యాటు దింపలేదు. హోల్కరు జట్టును కఠినమైన క్రమశిక్షణతో తీర్చిదిద్దిరి. ఆ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుమారులు గెలిచెను. ఏబది యేండ్లు నిండిన పిదప రంజీ పోటీలో 200 పరుగులు చేసిన ఘనత వారిది. బొంబాయి వేగపు బౌలరు ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి పండ్లు రాలినను, నెత్తురు తుడుచుకొని ఆడిరని ప్రసిద్ధి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన సమయమున ఆంధ్ర జట్టు పక్షమున కూడ ఆడి, పూర్వుల గడ్డతో బంధమును నిలుపుకొనిరి. 1956లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో వారిని సత్కరించెను. ఆ పిదపకూడ, అరువది దాటిన వయస్సున, ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీ ఆటలాడిరి. ఫస్టుక్లాసు ఆటలలో వారు చేసిన పరుగులు 11,825. తీసిన వికెట్లు 411. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో పరమపదించిరి. నేడు భారత క్రికెట్టు మండలి ఇచ్చు జీవితకాల పురస్కారము వారి పేరనే వెలసియున్నది.

విద్యార్థులారా! నాయుడుగారు పుట్టిన ఊరి భాష మరాఠీ, ఉద్యోగము చేసిన ఊరి భాష హిందీ, ఇంటి భాష తెలుగు. ఈ మూడింటిలో ఏదియు వారికి అడ్డు కాలేదు. మన కోలారు బంగారు గనులకు క్రికెట్టును తెచ్చినవారు ఆంగ్లేయులు. ఆ దొరలు వెడలిపోయిరి. 2001లో గనులును మూతపడెను. కాని సాయంకాలము మన మైదానములలో పిల్లల కేకలు ఆగలేదు. తల్లిదండ్రులు ఆటను కాలహరణమని త్రోసిపుచ్చక, చదువుతోపాటు దానికిని కొంత సమయము ఇచ్చుట మేలు. పిల్లలు నాయుడుగారి సిక్సర్లను మాత్రమే గాక, ఆ సిక్సరుకు ముందు ఓపికతో ఆపిన మూడు బంతులను కూడ జ్ఞాపకముంచుకొందురు గాక!