థామస్ కావర్‌హిల్ జెర్డన్

థామస్ కావర్‌హిల్ జెర్డన్ (అక్టోబరు 12, 1811 - జూన్ 12, 1872) బ్రిటిషు వైద్యుడు మరియు జంతు శాస్త్రవేత్త. భారతదేశపు పక్షులను గూర్చి సమగ్ర గ్రంథము రచించినవారిలో ప్రథముడు. కడప ప్రాంతపు అరుదైన పక్షి కలివి కోడిని వెలుగులోకి తెచ్చినది ఇతడే. ఆంగ్లంలో ఆ పక్షిని జెర్డాన్స్ కోర్సర్ అంటారు.

జీవితం

జెర్డన్ ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంటు సర్జనుగా 1836లో మద్రాసు చేరుకున్నాడు. మొదట గంజాం ప్రాంతంలో పనిచేస్తూ తూర్పు కనుమల పక్షులను సేకరించాడు. తరువాత సైనిక వైద్యుడిగా దక్కనులోను, సివిల్ సర్జనుగా నెల్లూరు, తలచేరి పట్టణాలలోను పనిచేశాడు. నెల్లూరులో ఉండగా అడవిని బాగా ఎరిగిన యానాదుల నుండి అక్కడి జంతువుల వివరాలు, స్థానిక నామాలు తెలుసుకున్నాడు. 1872లో ఇంగ్లండులో మరణించాడు.

రచనలు

1839-40లలో దక్షిణ భారత పక్షుల పట్టికను, 1851లో దక్షిణ భారత చీమల పట్టికను ప్రకటించాడు. ఎగిరి దూకే చీమను శాస్త్రీయంగా మొదట వర్ణించినది ఈ రెండవ పట్టికలోనే. 1862-64 మధ్య వెలువడిన ది బర్డ్స్ ఆఫ్ ఇండియా ఇతని ముఖ్య గ్రంథం. ఇందులో వెయ్యికి పైగా పక్షి జాతుల వర్ణన ఉన్నది. అనేక పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. 1867లో భారతదేశపు క్షీరదాలపై మరొక గ్రంథం వెలువరించాడు.

కలివి కోడి

జెర్డన్ సేకరించిన నమూనా ఆధారంగా ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షికి శాస్త్రీయ నామకరణం చేశాడు. 1900 తరువాత ఇది ఎవరికీ కనబడనందున అంతరించిపోయినదని భావించారు. 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానిక వేటగాని సహాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దీనిని తిరిగి కనుగొన్నారు. దీని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది.

ఇది రాత్రివేళ సంచరించే పక్షి. ముళ్ళపొదల మధ్య అక్కడక్కడ ఖాళీ నేల ఉన్న చిట్టడవి దీనికి ఆవాసం. అటువంటి నేలను బీడుగా భావించి సాగులోకి తెచ్చుట, వంటచెరకుకై పొదలు నరుకుట, రాతి క్వారీలు దీనికి ప్రధాన ముప్పులు. తెలుగుగంగ కాలువ పనుల వలన కూడా ప్రమాదం ఏర్పడగా, తరువాత కాలువ మార్గమును మార్చారు. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతులలో ఇది ఒకటి. జెర్డన్ గ్రంథాలలో వర్ణించిన పొదల నేలలు నిలిచి ఉన్నంతవరకే ఈ పక్షి మనుగడ సాధ్యము.