ఉద్యోగం వదిలి నవ్వించిన రమణారెడ్డి గారు

మన సంఘంలో డెబ్బై దాటిన సభ్యులకు రమణారెడ్డి గారిని పరిచయం చేయనక్కరలేదు. బుచ్చయ్యపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి చోడవరం వెళ్లి సినిమా చూసి వచ్చే రోజుల్లో, తెర మీద రేలంగి గారి బొద్దు ముఖం పక్కన ఆ వెదురుబద్దలాంటి మనిషి కనబడితే చాలు, నేల తరగతిలో ఈలలు మొదలయ్యేవి. ఆ మనిషి ఒకప్పుడు మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి అన్న సంగతి మాత్రం మన పిల్లలకు తెలియదు.

తిక్కవరపు వెంకట రమణారెడ్డి గారు 1921 అక్టోబరు 1న నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించారు. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఒకటో తారీఖున జీతం, చివర పింఛను ఉన్న కొలువు. నాటకాల పిచ్చి కొద్దీ దాన్ని వదిలేసి మద్రాసు రైలెక్కారు. 1951లో 'మాయపిల్ల'తో తెర మీదికి వచ్చారు. అప్పటికి ముప్పై ఏళ్లు. ఆ వయసులో పర్మనెంటు ఉద్యోగం వదులుకోవడం అంటే ఇంట్లో ఎంత గొడవో మనకు ఒకరు చెప్పాలా?

పైగా ఆయన వెళ్లిన చోట కుర్చీ ఖాళీగా లేదు. రేలంగి వెంకట్రామయ్య గారు వయసులో పదేళ్లకు పైగా పెద్ద. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో మొదలుపెట్టి, చిన్నా చితకా వేషాలు వేస్తూ, సి. పుల్లయ్య గారి దగ్గర తెర వెనుక పనులు కూడా చూస్తూ, 1949లో 'గుణసుందరి కథ' వచ్చేదాకా ఓపిక పట్టిన మనిషి. 1951లో 'పాతాళ భైరవి'లో రాజుగారి బావమరిదిగా వచ్చేసరికి హాస్యమంటే రేలంగే అయిపోయింది. అంత కష్టపడి సంపాదించుకున్న స్థానం పక్కన ఇంకొకడు వచ్చి నిలబడితే ఎవరికైనా గుబులే. ఆఫీసుల్లో సీనియారిటీ లిస్టు చూసిన మనకు అది కొత్త కాదు.

హాలీవుడ్‌లో లారెల్, హార్డీల సంగతి వేరు. లావు, సన్నం కలిపి ఒకే జంటగా వాళ్లను సినిమాల్లోకి తీసుకునేవారు. అయినా లారెల్ జీతం హార్డీ కంటే చాలాకాలం ఎక్కువే. మనవాళ్లను అలా జంటగా తీసుకునే పద్ధతి లేదు. ఏ సినిమాకు ఆ సినిమా వేషం. నిర్మాత ఇద్దరినీ పెట్టుకోవచ్చు, ఒక్కరితో సరిపెట్టుకోనూ వచ్చు. అంటే ఇద్దరూ ఒకే సెట్లో చేరేదాకా పోటీదారులే. చేరాక మాత్రం ఒకరి నవ్వు ఇంకొకరు అందిస్తేనే పండుతుంది.

1955 చూడండి. 'మిస్సమ్మ'లో ఎం.టి. రావు వెంట అప్పాపురం చేరిన దేవయ్య రేలంగి. అప్పు వంకతో మేరీని పెళ్లాడాలని వెంటపడే డేవిడ్ రమణారెడ్డి. అదే ఏడు 'రోజులు మారాయి'లో రమణారెడ్డి గారు కరణం సాంబయ్య. 1984లో రద్దయిన కరణీకాన్ని దగ్గర నుంచి చూసిన రెవెన్యూ మిత్రులు ఆ వేషాన్ని ఇంకోసారి చూడాలి. రేలంగి గారి బలం అమాయకపు ముఖం. రమణారెడ్డి గారి బలం ఎముకల గూడులాంటి ఒళ్లు, నెల్లూరు యాస. ఒకరిది ఇంకొకరు కాపీ కొట్టేది కాదు. అందుకే ఒకరి అన్నం ఒకరు లాక్కోకుండా కలిసి పండించగలిగారని నా అభిప్రాయం.

1957 నాటి 'మాయాబజార్'లో ఇద్దరూ చెరో పక్షం. రేలంగి కౌరవుల లక్ష్మణకుమారుడు. రమణారెడ్డి ఘటోత్కచుడి కొలువులో మాయలు నేర్పే చినమయ్య. ఈ చినమయ్య తెర బయట కూడా ఇంద్రజాలికుడే! మేజిక్ నేర్చుకుని మంచి పనులకు విరాళాల కోసం ప్రదర్శనలిచ్చారు. 1962లో 'గుండమ్మ కథ'లో గంటయ్యగా ఆయన ఒక్కరే ఎలా రాణించారో మీకు తెలుసు. రేలంగి గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. రమణారెడ్డి గారికి ఆ గౌరవం దక్కలేదు. ఆ పట్టింపు నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత పద్మనాభం, రాజబాబు, అల్లు రామలింగయ్య గార్ల కాలం నడిచింది. 1974 నవంబరు 11న రమణారెడ్డి గారు పోయారు. యాభై మూడేళ్లు. కొలువులోనే ఉండి ఉంటే, రిటైర్మెంటు వయసు 55 అనుకున్నా పింఛను చేతికి అందేది కాదు. (మిస్సమ్మ హీరో గారు 1983లో మనల్ని 58 నుంచి 55కి దించినప్పుడు ఎంత గోల చేశామో గుర్తుందిగా!) మరుసటి ఏడు అదే నవంబరు నెలాఖరులో రేలంగి గారు కూడా వెళ్లిపోయారు, తన పేరిట రేలంగి చిత్రమందిర్ కట్టించుకున్న తాడేపల్లిగూడెంలోనే.