మహమ్మారి నీడలో షేక్స్పియర్ నాటక సమాజం

షేక్స్పియర్ పేరు వినగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలే మూర్తి ఒక ఏకాకి మహాకవిది. విశాలమైన నుదురు, చేతిలో ఈక కలం, ఎదుట తెల్లకాగితం. ఆ చిత్రంలో మరొక మనిషి కనబడడు. కాని ఆ మహాకవి దాదాపు ఇరవై సంవత్సరాలు ఒకే నాటక సమాజంలో నటుడుగా, రచయితగా, లాభనష్టాలు పంచుకునే భాగస్వామిగా జీవించాడనీ, ఆ సమాజాన్ని ప్లేగు వ్యాధి పలుమార్లు వీధిలోకి నెట్టిందనీ పాఠ్యగ్రంథాల పీఠికలు ఒకటి రెండు వాక్యాలలో చెప్పి ఊరుకుంటాయి. 2020లో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా నాటకశాలలు మూతబడినప్పుడు ఈ పాత కథ మరల స్మృతికి వచ్చింది. ప్లేగు రోజులలో షేక్స్పియర్ ఇంట కూర్చుండి ‘కింగ్ లియర్’ రచించినట్లే మనమును ఏదో ఒక ఘనకార్యం సాధింపవచ్చునని అప్పుడు చాలమంది చెప్పుకున్నారు. ఆ మాట ఉత్సాహకరమే గాని, ఆయన జీవితానికి న్యాయం చేసేది కాదని మా అభిప్రాయం. మూతబడిన నాటకశాల ఆయనకు తెచ్చిపెట్టింది తీరిక కంటె ముందు కూటి సమస్య.

ఆయన పుట్టుకే మహమ్మారి ముంగిట జరిగింది. ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో 1564 ఏప్రిల్ 26న ఆ శిశువుకు జ్ఞానస్నానం జరిగినట్లు చర్చి పుస్తకంలో నమోదైంది. అదే పుస్తకంలో జూలై 11న ఒక పనివాని ఖననం నమోదు చేసిన చోట, ఇక్కడ ప్లేగు మొదలైనదని లాటిన్ భాషలో ఒక సూచన వ్రాయబడి ఉంది. ఆ సంవత్సరాంతానికి ఆ చిన్న ఊరిలో రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. తండ్రి జాన్ షేక్స్పియర్ చేతితొడుగులు కుట్టి అమ్మే వ్యాపారి, పట్టణ పాలక సభలో సభ్యుడు. అంటువ్యాధి భయంతో ఆ సభ గది విడిచి ఆరుబయట తోటలో సమావేశమై బాధితులకు చందాలు పోగుచేసింది. అంతకు మునుపే ఇద్దరు ఆడపిల్లలను పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకు ఈ బిడ్డ దక్కడం సామాన్యమైన అదృష్టం కాదు.

పద్ధెనిమిదవ యేట వివాహం, ఇరవై ఒకటవ యేటికి ముగ్గురు బిడ్డలు. ఆ తరువాత కొన్నేళ్ళు ఆయన గురించి లిఖిత సాక్ష్యం ఏదీ దొరకదు. 1592 నాటికి మాత్రం లండనులో నాటక రచయితగా, తోటివారికి అసూయ కలిగించేటంతటి పేరు గడించాడు. సరిగ్గా ఆ సమయంలోనే పిడుగు పడింది.

1592 జూన్ నెలలో లండనులో అల్లరులు చెలరేగడంతో ప్రభుత్వం నాటకశాలలను మూసివేసింది. అల్లరి చల్లారేలోగా ప్లేగు వచ్చింది. శీతకాలాలలో కొద్ది వారాలు తెరవడం, మరల మూసివేయడం తప్ప, 1594 వసంతం వరకు నాటకశాలలు సరిగా నడవలేదు. 1593 ఒక్క సంవత్సరంలోనే లండనులో పదివేలమందికి పైగా ప్లేగు వాత పడ్డారు. ఆ జనవరిలో ప్రివీ కౌన్సిల్ జారీచేసిన ఉత్తర్వు ప్రకారం నగరానికి ఏడు మైళ్ళ లోపల నాటకాలు, ఎలుగుబంటి పోరాటాలు, జనం గుమిగూడే వినోదాలు సమస్తం నిషిద్ధం. చర్చిలలో ప్రార్థనకు, ప్రబోధానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అప్పటికే కొందరు ప్రబోధకులు, ప్లేగుకు కారణం పాపమనీ, పాపానికి కారణం నాటకాలనీ తర్కం అల్లి జనానికి నూరిపోస్తూ ఉన్నారు. ఆ తర్కం బలహీనమైనదైనా, వందలమంది ఒకరినొకరు ఒరుసుకుని నిలిచే చోట వ్యాధి వ్యాపిస్తుందన్న భయం మాత్రం సహేతుకమైనదే.

నటుల గతి ఏమి? మన సురభి నాటకాల వారు సామాను బండ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగిన వైనం పెద్దల నోట విన్నవారికి ఈ ఘట్టం సులభంగా బోధపడుతుంది. దుస్తులు, వాయిద్యాలు, నాటక ప్రతులు బండికెత్తి, తాము నడుచుకుంటూ పల్లెపట్టణాల బాట పట్టడమే నటులకు మిగిలిన దారి. చేరిన ఊరిలో ముందుగా మేయరు సమక్షంలో ఆడాలి. ఆయన సంతోషించి ఇచ్చిన బహుమానం పుచ్చుకోవాలి. ఆ తరువాతనే తక్కిన జనం ముందు ఆడాలి. లండను నుండి వచ్చినవారు వ్యాధిని వెంట తెస్తారేమోనన్న శంకతో, నాటకం ఆడవద్దని చెప్పి, కొంత సొమ్ము చేతిలో పెట్టి సాగనంపిన ఊళ్ళు కూడా ఉన్నాయి.

లార్డ్ స్ట్రేంజ్ అనే ప్రభువు పోషణలో ఉన్న సమాజం ఈ కాలంలోనే ప్రివీ కౌన్సిల్‌కు ఒక విన్నపం పంపుకున్నది. తమ బృందం పెద్దది, ప్రయాణపు ఖర్చు భరించరానిది, ఇదే విధంగా కొనసాగితే తాము చీలిపోక తప్పదు అని దాని సారాంశం. ఈ విన్నపాన్ని సమర్థిస్తూ థేమ్స్ నదిపై పడవలు నడిపే బీదవారు వేరొక అర్జీ పెట్టుకున్నారు. నాటకాలు చూడవచ్చే జనాన్ని ఏరు దాటించడమే వారికి బ్రతుకుతెరువు మరి. నాటకశాల తలుపు మూతపడితే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో తెలిపే ఈ పడవవాళ్ళ అర్జీ, ఆనాటి కావ్యాలతో సమానంగా చదువదగినదని మాకు తోస్తుంది.

ఆ సమాజంలోని ప్రసిద్ధ నటుడు ఎడ్వర్డ్ అలెన్ 1593 వేసవిలో బ్రిస్టల్ నుండి లండనులోని భార్యకు వ్రాసిన లేఖ ఒకటి నేటికీ భద్రంగా ఉన్నది. ఇల్లు శుభ్రంగా ఉంచుమనీ, సాయంత్రాలు వాకిట నీళ్ళు చల్లుమనీ, కిటికీలలో సదాపాకు పెట్టుమనీ ఆయన హెచ్చరించాడు. దానితోపాటు తన నారింజరంగు మేజోళ్ళకు చలికాలం నాటికి నల్లరంగు వేయించుమనీ, సెప్టెంబరులో పెరటి మడిలో పాలకూర విత్తుమనీ పురమాయించాడు. చావు వీధిలో తిరుగుతూ ఉంటే మేజోళ్ళ రంగు గురించి, ఆకుకూర మడి గురించి ఆలోచించిన ఆ మనిషి మాకు ఎంతో ఆప్తుడుగా కనిపిస్తాడు.

అందరికీ ఆ మాత్రపు అదృష్టం పట్టలేదు. పెంబ్రోక్ ప్రభువు పేర తిరిగిన మరొక సమాజం దారిఖర్చులు కూడా రాబట్టుకోలేక ఆ యేడు లండనుకు తిరిగివచ్చి, వేషాల దుస్తులు తాకట్టు పెట్టుకున్నదని, అలెన్ మామగారైన నాటకశాల యజమాని హెన్‌స్లో సెప్టెంబరులో అల్లునికి తెలిపాడు. ఆ రోజులలో నాటక సమాజానికి దుస్తులే మూలధనం. వాటిని తాకట్టు పెట్టడమంటే రైతు ఎడ్లను అమ్ముకోవడం వంటిదే.

రంగస్థలం లేని ఆ రెండేళ్ళలో షేక్స్పియర్ తన కలానికి వేరొక మార్గం చూపించాడు. 1593లో ‘వీనస్ అండ్ అడోనిస్’, 1594లో ‘లూక్రీస్’ అనే కథాకావ్యాలను వెలువరించి, రెండింటినీ సౌతాంప్టన్ ప్రభువుకు అంకితమిచ్చాడు. రెండింటినీ ముద్రించినవాడు స్వగ్రామస్థుడైన రిచర్డ్ ఫీల్డ్. మొదటి కావ్యం కవి జీవితకాలంలోనే అనేక ముద్రణలు పొందింది. ఇంతటి ఆదరణ లభించిన తరువాత ప్రభువుల నీడలో కావ్యాలు వ్రాసుకుంటూ గౌరవంగా కాలం గడపడానికి ఆయనకు అవకాశం లేకపోలేదు. అయినా 1594లో తలుపులు తెరుచుకోగానే ఆయన నటుల మధ్యకే వచ్చి చేరాడు. ఆయన జీవితంలో మేము అన్నిటికంటె ముఖ్యమైనదిగా ఎంచే నిర్ణయం ఇదే.

అప్పటికి రంగం చాలావరకు ఖాళీ అయింది. మార్లో 1593లో ఒక కలహంలో కత్తిపోటుకు గురియై మరణించాడు; గ్రీన్ అంతకు ముందే పోయాడు; లార్డ్ స్ట్రేంజ్ కూడా 1594 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ ప్రభువు నీడలో ఊళ్ళు తిరిగిన కెంప్, పోప్, హెమింగ్స్, ఫిలిప్స్, బ్రయన్ అనే నటులు, రిచర్డ్ బర్బేజ్, షేక్స్పియర్ కలిసి లార్డ్ ఛేంబర్లేన్ ఆశ్రయంలో కొత్త సమాజంగా ఏర్పడ్డారు. ప్రధాన నటులు భాగస్వాములు. రాబడిలో ఖర్చులు పోగా మిగిలినది పంచుకుంటారు, నష్టం వస్తే అదీ పంచుకుంటారు. జీతానికి పనిచేసేవారు, స్త్రీపాత్రలు ధరించే బాలురు వేరు. ఆ డిసెంబరు 28 రాత్రి గ్రేస్ ఇన్ అనే న్యాయవిద్యాలయంలో ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ప్రదర్శన జరిగింది. దాదాపు మూడువందల సంవత్సరాల అనంతరం కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘చమత్కార రత్నావళి’గా తెనిగించినది ఈ నాటకాన్నే.

ప్లేగును ఆయన రంగస్థలం మీద సూటిగా ప్రదర్శింపలేదు. చావును మరచిపోవడానికి వచ్చిన ప్రేక్షకునికి మరల దానినే చూపడమెందుకని అనుకున్నాడేమో! కాని ‘రోమియో అండ్ జూలియట్’లో ఉత్తరం తీసుకుపోవలసిన సన్యాసి, అంటువ్యాధి శంకతో మూసివేసిన ఇంటిలో చిక్కుకుపోతాడు. ఉత్తరం చేరదు, ఇద్దరు యువప్రేమికులు బలియైపోతారు. ఈ కల్పన విపరీతమైనదని నేటి విద్యార్థికి అనిపించవచ్చు. తమ వీధిలోనే తలుపులకు వెలుపల తాళం వేసిన ఇళ్ళు చూసిన లండను ప్రేక్షకులకు అది చిరపరిచితమైన సంగతి. 1596లో ఆయన ఏకైక కుమారుడు హామ్నెట్ పదకొండేళ్ళ వయస్సులో మరణించాడు. దానిని కూడా ప్లేగు ఖాతాలో వేసేవారు లేకపోలేదు గాని, చర్చి పుస్తకంలో కారణం వ్రాయలేదు.

1603 మార్చిలో ఎలిజబెత్ రాణి గతించింది. మే 19న కొత్త రాజు జేమ్స్ ఈ సమాజాన్ని తన స్వంత సమాజంగా స్వీకరిస్తూ ఫర్మానా జారీచేశాడు. అందులో షేక్స్పియర్‌తో కలిపి తొమ్మిదిమంది పేర్లున్నాయి. ప్లేగు తగ్గిన తరువాత ఆడుకోవచ్చుననే షరతు కూడా అందులోనే ఉంది. తగ్గడం మాట అటుంచి, ఆ సంవత్సరం లండనులో ముప్ఫైవేలమందికి పైగా చనిపోయారు. రాజు రాజధానిని విడిచి విల్టన్‌లోని ఒక ప్రభువు భవనంలో మకాం పెట్టాడు. మోర్ట్‌లేక్ అనే ఊరిలో తలదాచుకున్న నటులను అక్కడికి పిలిపించి, డిసెంబరు 2న ఒక నాటకం ఆడించి 30 పౌన్లు ఇచ్చాడు. ఆస్థాన ప్రదర్శనకు వాడుకగా ఇచ్చేది 10 పౌన్లు మాత్రమే. నిషేధం వల్ల రాబడి లేనందున సమాజ పోషణార్థమని 1604 ఫిబ్రవరిలో బర్బేజ్ చేతికి మరి 30 పౌన్లు అందాయి. మార్చిలో, వాయిదా పడిన రాజు నగర ప్రవేశోత్సవానికి ఒక్కొక్క నటునికి నాలుగున్నర గజాల ఎర్రని బట్ట మంజూరయింది. ఆ జాబితాలో షేక్స్పియర్ పేరే మొదటిది. ఏప్రిల్‌లో గ్లోబ్ నాటకశాల తిరిగి తెరుచుకున్నది.

ఆ పిమ్మట ప్లేగు మరణాల వారపు లెక్కే నాటకశాలకు తాళంచెవి అయింది. వారానికి ముప్ఫై, తరువాతి కాలంలో నలభై దాటితే మూత. 1606లోనూ అంతే. ఆ డిసెంబరు 26న రాజసన్నిధిలో ‘కింగ్ లియర్’ ప్రదర్శింపబడింది. ఈ కథే మూడు శతాబ్దాల పిదప ఆగా హషర్ కాశ్మీరీ చేతిలో ‘సఫేద్ ఖూన్’గా ఉర్దూ రంగస్థలాన్ని అలంకరించిందని మా ఉర్దూ విభాగపు విద్యార్థులు ఎరుగుదురు.

1608 వేసవిలో మరొక దీర్ఘమైన మూత పడబోతున్న వేళ ఈ సమాజంవారు సాహసించి బ్లాక్‌ఫ్రయర్స్‌లోని పైకప్పు గల నాటకశాలను తమ చేతిలోకి తీసుకున్నారు. ఏడుగురు వాటాదారులలో షేక్స్పియర్ ఒకడు. ఒప్పందమైన వారం దినాలకే వాటాదారు విలియం స్లై ఖననమైపోయాడు. ఏడాదికి పైగా ఆ భవనంలో ఆట లేదు. అయినా నటులు చెదిరిపోకుండా లోలోపల అభ్యాసం సాగించారు. వ్యాధి కాలంలో చేసిన ఆ అభ్యాసానికే రాజు 1609లో హెమింగ్స్ ద్వారా 40 పౌన్లు బహూకరించాడు. తలుపులు తెరుచుకున్నాక లాభం సమకూరింది. గ్లోబ్‌లో నిలబడి చూసేవాడు ఒక పెన్నీ ఇస్తే, ఇక్కడ కనీసపు రుసుము ఆరు పెన్నీలు. కొవ్వొత్తుల వెలుగులో చలికాలమంతా ఆడవచ్చు. వత్తులు సవరించడానికి అంకానికీ అంకానికీ నడుమ విరామం, ఆ విరామంలో సంగీతం ఏర్పడ్డాయి. ‘టెంపెస్ట్’ వంటి కడపటి నాటకాలలోని గానానికి, ఇంద్రజాలానికి ఈ గది అనువైన చోటయింది.

1616 ఏప్రిల్ 23న ఆయన స్వగ్రామంలో మరణించాడు. వీలునామాలో హెమింగ్స్, బర్బేజ్, కాండెల్ అనే ముగ్గురు సహనటులకు ఉంగరాలు కొనుక్కోవడానికి తలా 26 షిల్లింగుల 8 పెన్సులు వ్రాశాడు. బర్బేజ్ 1619లో పోయాడు. మిగిలిన ఇద్దరు వృద్ధనటులు మిత్రుని నాటకాలను 36 సేకరించి 1623లో ఒకే సంపుటంగా వెలువరించారు. అందులో సగం అంతకు ముందు ఎన్నడూ అచ్చు కానివి; ‘మేక్‌బెత్’, ‘టెంపెస్ట్’ వాటిలో చేరినవే. సమాజం 1593లోనో, 1603లోనో, 1608లోనో చెదిరిపోయి ఉంటే ఆ వ్రాతప్రతులను భద్రపరచిన పెట్టె ఎవరింట ఉండేది?

1625లో జేమ్స్ రాజు మరణంతో పాటు ప్లేగు మరల వచ్చింది. నెలల తరబడి నాటకశాలలు మూతబడ్డాయి. లండనులోని సమాజాలు అనేకం ఆ దెబ్బకు విచ్ఛిన్నమైపోయాయి. షేక్స్పియర్ సమాజం మాత్రం చెక్కుచెదరక ఆ శీతకాలంలో తిరిగి ఆట మొదలుపెట్టింది. లెక్కలు చూసే హెమింగ్స్ అప్పటికీ దానిలోనే ఉన్నాడు.