ఎవరి వంతు, ఎంతసేపు: మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కథ

మా జహనుమాలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వాల్వ్ ముందు ఏ గల్లీకి తిరిగితే ఆ గల్లీలో డ్రమ్ములు నిండుతాయి. చివరి గల్లీ వాళ్లకి సన్నటి ధార, ఒక్కోసారి అదీ ఉండదు. పైపులో నీళ్లు లేక కాదు, వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో షెడ్యూలింగ్ మొదలుపెట్టినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. బలమైన పనులు ముందుకి వచ్చేస్తూ ఉంటే బలం లేని పని లైన్లోనే ఉండిపోతుంది కదా, దాన్ని స్టార్వేషన్ అంటారు. మన భాషలో పస్తు.

పార్లమెంటులోనూ ఇదే లెక్క. లోక్‌సభలో 543 మంది సభ్యులు. ప్రశ్నోత్తరాలకి రోజుకి ఒక గంట. ఆ గంట ఎవరికి, మిగతా రోజంతా ఎవరికి అన్నది ఎవరో ఒకరు చూడాలి. ఈ లైన్లో ఒకప్పుడు అడిగేవాడిగా నిలబడి, తర్వాత వంతులు చూసే కుర్చీలోకి వెళ్లిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుపతి వైపు వాళ్లకి పేరు తెలిసే ఉంటుంది, మా హైదరాబాద్ పిల్లలకి అంతగా తెలీదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలీదు.

ఆయన 1891 ఫిబ్రవరి 4న తిరుపతి పక్కన తిరుచానూరులో పుట్టారు. స్కూలు చదువు తిరుపతిలో, కాలేజీ మద్రాసు పచ్చయ్యప్పలో. 1912లో కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశారు (ఈ సంగతి నాకు భలే నచ్చింది, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది). 1913లో లా పూర్తయింది. 1915 నుంచి చిత్తూరులో వకీలు. 1921లో గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపు విని ఏడాదిపాటు కోర్టు మానేశారు, తర్వాత మళ్లీ వెళ్లారు. అప్పట్లో చాలామంది వకీళ్ల కథ ఇలాగే ఉంటుంది. ఆయన కథ నిజంగా మొదలయ్యేది 1934లో, 43 ఏళ్ల వయసులో ఢిల్లీ కేంద్ర శాసనసభకి ఎన్నికైనప్పుడు.

ఆ సభ ఎలాంటిదో కొంచెం చెప్పాలి. పేరుకి శాసనసభే. కానీ ప్రభుత్వం వైస్రాయ్‌ది. సభ ఎన్ని తీర్మానాలు నెగ్గించినా ప్రభుత్వం పడిపోదు. సభ కాదన్న ఖర్చుని కూడా వైస్రాయ్ తన అధికారంతో మళ్లీ పెట్టుకోవచ్చు. మరి అక్కడికెళ్లి ఏం చేస్తారు అని అడిగితే, జవాబు ఒక్కటే: ప్రశ్నలు. ప్రశ్న అడిగితే సర్కారు తరఫున ఎవరో ఒకరు లేచి, ఏదో ఒక అంకె చెప్పాలి. అది రికార్డులోకి ఎక్కుతుంది. రేపు పేపర్లో వస్తుంది. ఈ హక్కు కూడా ఒక్కరోజులో రాలేదు. 1892 చట్టంతో ప్రశ్న అడిగే వీలు దొరికింది, కానీ జవాబు మీద ఇంకో ప్రశ్న వేయకూడదు. 1909 తర్వాత అసలు ప్రశ్న అడిగినవాడు ఒక అనుబంధ ప్రశ్న వేయొచ్చు అన్నారు. 1919 సంస్కరణల తర్వాతే ఏ సభ్యుడైనా లేచి అనుబంధ ప్రశ్న వేసే వీలు కలిగింది.

కోర్టులో సాక్షిని క్రాస్ చేయడం తెలిసిన వకీలు, అంకెలు నోటికొచ్చిన లెక్కల మాస్టారు, ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటే ఆ గంటలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. బడ్జెట్ మీద, ఖర్చుల మీద లెక్కలు పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీసేవాళ్లలో అయ్యంగార్ గారు ముందుండేవారు. మధ్యలో 1940 నుంచి 1944 లోపల వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా కారణంగా దాదాపు మూడేళ్లు జైల్లో గడిపారు. బయటికి వచ్చాక మళ్లీ సభకే, ఆ తర్వాత రాజ్యాంగ సభకి. అక్కడ కూడా చాలా మాట్లాడిన సభ్యుల్లో ఆయనొకరు.

1948లో కుర్చీ మారింది. చట్టాలు చేసే పనిలో కూర్చున్నప్పుడు రాజ్యాంగ సభకి మావలంకర్ స్పీకర్, అయ్యంగార్ డిప్యూటీ స్పీకర్. 1952లో మొదటి సాధారణ ఎన్నికల్లో తిరుపతి నుంచి గెలిచి, కొత్త లోక్‌సభలో కూడా డిప్యూటీ స్పీకరే అయ్యారు. ఇక్కడే అసలు సమస్య వచ్చింది. ఆ సభలో 489 సీట్లకి ఎన్నికలు జరిగితే కాంగ్రెస్‌కి 364. ఎదుట ఉన్నవాళ్లలో పెద్ద పార్టీ కమ్యూనిస్టులు, 16 మంది. సభలో పదో వంతు ఉంటే తప్ప ప్రధాన ప్రతిపక్షంగా గుర్తింపు రాదు, ఆ లెక్కకి ఎవరూ అందలేదు. ఇప్పుడు మెజారిటీ ఓటుతో టైమ్ పంచితే ఏమవుతుంది? చివరి గల్లీకి నీళ్లు రావు. తప్పు ఎవరూ చేయకపోయినా రావు.

అందుకే ఆ మొదటి రెండేళ్లలో కొన్ని ఏర్పాట్లు వచ్చాయి. 1952 జూలైలో సభా వ్యవహారాల సలహా సంఘం పెట్టారు. పేపర్లలో బీఏసీ అని చూస్తుంటాం కదా, అదే. స్పీకర్ అధ్యక్షుడు, పదిహేను మంది సభ్యులు, అందులో ప్రతిపక్షాల వాళ్లు కూడా ఉంటారు. ఏ బిల్లుకి ఎన్ని గంటలు అన్నది సభలో ఓటు పెట్టి కొట్టుకోకుండా ముందే అక్కడ కూర్చుని తేల్చుకుంటారు. 1953లో ప్రైవేటు సభ్యుల బిల్లులకి విడిగా ఇంకో కమిటీ. ప్రైవేటు సభ్యులు అంటే మంత్రులు కాని సభ్యులందరూ, అధికార పార్టీ వాళ్లతో సహా. శుక్రవారం చివరి రెండున్నర గంటలు వాళ్లవి. ఏ బిల్లు ముఖ్యమైనది, దానికెంత టైమ్ అన్నది ఆ కమిటీ చూస్తుంది. దానికి డిప్యూటీ స్పీకర్ అధ్యక్షత వహించడం ఆనవాయితీ. 1954లో సావధాన తీర్మానం వచ్చింది. అత్యవసరమైన విషయం మీద మంత్రిని పిలిచి నిలబెట్టి జవాబు చెప్పించే పద్ధతి ఇది.

అదే 1954 డిసెంబర్ 18న ఒక విచిత్రం జరిగింది. స్పీకర్ మావలంకర్ నిష్పక్షపాతంగా లేరని, ఆయన్ని తీసేయాలని ప్రతిపక్షం తీర్మానం తెచ్చింది. తెచ్చినవారు బీహార్ సభ్యుడు విఘ్నేశ్వర్ మిస్సిర్. స్పీకర్‌ని తొలగించే తీర్మానం మీద చర్చ జరుగుతున్నప్పుడు స్పీకర్ ఆ కుర్చీలో కూర్చోకూడదని రాజ్యాంగమే చెప్తుంది. కాబట్టి ఆ రోజు అధ్యక్షత అయ్యంగార్ గారిది. తన పైవాడి మీద విచారణ, అడుగుతున్నవాళ్లు గుప్పెడు మంది, కాదనేవాళ్లు వందల్లో. ప్రధాని నెహ్రూ లేచి, ఉన్న సమయంలో ఎక్కువ భాగం ప్రతిపక్షానికే ఇవ్వమని కోరారు. తీర్మానం వీగిపోయింది, వీగిపోతుందని అందరికీ ముందే తెలుసు. అయినా అడిగినవాళ్లు తమ మాట పూర్తిగా చెప్పి కూర్చున్నారు. నా దృష్టిలో ఆ రోజు ఓట్ల లెక్క కంటే నిమిషాల లెక్కే ముఖ్యం.

1956 ఫిబ్రవరిలో మావలంకర్ చనిపోయారు. మార్చి 8న అయ్యంగార్ స్పీకర్ అయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మే 11న రెండోసారి. ఆ సభలో మా హైదరాబాద్ నుంచి వినాయకరావు కొరట్కర్ గారు ఉన్నారు.

ఇక్కడ ప్రశ్నల లెక్క ఎలా నడుస్తుందో చెప్తాను, ఇప్పటి నిబంధనల ప్రకారం. మంత్రిత్వ శాఖలన్నిటినీ ఐదు గుంపులు చేసి, వారంలో ఒక్కో గుంపుకి ఒక్కో రోజు ఇస్తారు. కాబట్టి ప్రతి మంత్రీ వారానికి ఒకసారి దొరుకుతాడు. సభ్యుడు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వచ్చినవాటిని లాటరీ తీస్తారు. మొదటి ఇరవై, నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నలు. వీటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు ఉంటాయి. ఇంకో 230 ప్రశ్నలకి నక్షత్రం ఉండదు, కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. ఒక సభ్యుడి పేరు మీద రోజుకి ఒక్క నక్షత్రమే. అంటే మంత్రి నియోజకవర్గం పక్క సీటువాడికైనా, ఒక్క ఎంపీ ఉన్న పార్టీకైనా చీటీ ఒక్కటే. మా ఓఎస్ పుస్తకంలో లాటరీ షెడ్యూలింగ్ అని అచ్చంగా ఇలాంటిదే ఉంది. మా క్లాసులో ఎవరూ దాన్ని సీరియస్‌గా తీసుకోలేదు, పరీక్షలో రాదని!

కానీ లాటరీ సగమే. అరవై నిమిషాల్లో ఇరవై ప్రశ్నలంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు. నిజానికి గంటలో నాలుగైదు ప్రశ్నలు దాటడమే కష్టం. ఎందుకంటే మంచి ప్రశ్న అనుబంధ ప్రశ్నల్లోనే తేలుతుంది. ఎన్ని అనుబంధ ప్రశ్నలకి అనుమతించాలి, ఎప్పుడు చాలనాలి అన్నది స్పీకర్ చేతిలో ఉంటుంది. ఎక్కువ ఇస్తే కిందివాళ్లు పస్తు, తక్కువ ఇస్తే మంత్రి తప్పించుకుపోతాడు. దీనికి ఫార్ములా లేదు. లెక్కల మాస్టారికి కూడా లేదు.

ముంద్రా వ్యవహారం ఇందుకు ఉదాహరణ. 1956లో జీవిత బీమా కంపెనీలను జాతీయం చేసి ఎల్‌ఐసీ పెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ ఎల్‌ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లు కోటీ ఇరవై లక్షలకి పైగా పెట్టి కొంది. ప్రజలు నెలనెలా కట్టిన ప్రీమియం డబ్బు అది. 1957 సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ సభలో దీని గురించి ప్రశ్న వేశారు. ఆయన కాంగ్రెస్ సభ్యుడే. వచ్చిన జవాబు తేలిగ్గా ఉంది. కానీ ప్రశ్న అక్కడితో చావలేదు, నవంబరులో మళ్లీ వచ్చింది. చివరికి డిసెంబర్ 16న పూర్తి చర్చే జరిగింది. దాన్ని నడిపించింది ఫిరోజ్ గాంధీ. ఆయన కూడా కాంగ్రెస్ వారే, పైగా ప్రధానికి అల్లుడు. తర్వాత ఛాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ చేసింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇదంతా మొదలైంది గంటలో కొన్ని నిమిషాల దగ్గర.

ప్రశ్న నుంచి చర్చకి వెళ్లే దారి నిబంధనల్లోనే ఉంది. జవాబు చాలకపోతే అరగంట చర్చ అడగొచ్చు, దానికి వారంలో మూడు రోజులు సభ చివరి అరగంట. ఇంకా పెద్దదైతే ఇంకా పెద్ద చర్చ. ఏది దేనికి అర్హమో తేల్చేది స్పీకర్. తన పార్టీ మంత్రి ఇబ్బందిపడతాడని తెలిసి కూడా అయ్యంగార్ గారు ఆ దారి మూయలేదు. ఇంకో చిన్న సంగతి. పార్లమెంటులో జరిగింది ఉన్నదున్నట్టు రాసిన పేపర్ల మీద కేసులు పెట్టకుండా కాపాడే చట్టం 1956 మేలో వచ్చింది. అది ఫిరోజ్ గాంధీ తెచ్చిన ప్రైవేటు బిల్లు. ఇప్పటిదాకా చట్టాలైన ప్రైవేటు బిల్లులు మొత్తం 14, చివరిది 1970లో. అంటే శుక్రవారం రెండున్నర గంటలు ఉత్త కంటితుడుపు అనుకునేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ పద్నాలుగులో ఇది ఒకటి. ముంద్రా వార్త జనంలోకి భయం లేకుండా వెళ్లిందంటే అందులో దీని పాత్ర కూడా ఉంది.

ఆయన గురించి చదువుతుంటే నాకు ఒక్కచోట మాత్రం మనసు ఒప్పుకోలేదు. స్పీకర్‌గా ఉంటూనే ఆయన 1957లో, మళ్లీ 1962లో కాంగ్రెస్ టికెట్ మీదే పోటీ చేశారు. రెండుసార్లూ గెలిచారు. 1962 ఏప్రిల్‌లో స్పీకర్ పదవి ముగిసింది, మే నెలలో బీహార్ గవర్నర్ అయ్యారు, లోక్‌సభ సీటు వదిలేశారు. మంత్రులని నిలబెట్టాల్సిన మనిషి, టికెట్ కోసం అదే పార్టీ వైపు చూడాల్సి వస్తే ఎలా? ఆయన తప్పు చేశారని నేననడం లేదు. అప్పటికి ఉన్న పద్ధతి అది, మావలంకర్ గారూ పార్టీ వదల్లేదు. కానీ వాల్వ్ తిప్పే మనిషి ఇల్లు ఏ గల్లీలో ఉందో జనం చూస్తారు. 1967లో ఇంకో తెలుగువాడు, నీలం సంజీవరెడ్డి, స్పీకర్ అవగానే పార్టీకి రాజీనామా ఇచ్చారు. ఆ తర్వాత అది అందరూ పాటించే ఆనవాయితీ అయిందా అంటే, కాలేదు.

బీహార్‌లో 1967 డిసెంబరు దాకా ఉన్నారు. ఆ తర్వాత తిరుపతి వచ్చేశారు. సంస్కృతం మీద ఆయనకి మొదటి నుంచీ మమకారం, అక్కడి సంస్కృత విద్యాపీఠం పనులు చూసుకున్నారు. 1978 మార్చి 19న, 87 ఏళ్ల వయసులో చనిపోయారు. అప్పటికి రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సంజీవరెడ్డి గారు.