పవిత్రతకు నెలవు మనసే

పవిత్రత అనగానే చాలామందికి మొదట స్ఫురించేది దేహమే. అది నిజంగా ఎక్కడ నివసిస్తుందో తెలుసుకోగోరితే పునీత అగస్టీన్ జీవితాన్ని ఒక్కసారి పరికించండి.

ఆయన క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే పట్టణంలో జన్మించాడు. నేటి అల్జీరియాలో ఉందా ప్రాంతం. తల్లి మోనిక పరమ భక్తురాలు. చదువుకోసం కార్తేజ్ నగరం చేరిన అగస్టీన్, వివాహం లేకుండానే ఒక స్త్రీతో కాపురం పెట్టాడు. వారికొక కుమారుడు కలిగాడు. ఏళ్ల తరబడి ఆయన ఆమెకే కట్టుబడి ఉన్నాడు.

మిలాన్‌లో అలంకారశాస్త్ర బోధకుడిగా పేరు వచ్చాక హోదాకు తగిన సంబంధం కుదిరింది. పెళ్లికి అడ్డని ఆమెను పంపివేశారు. మరో పురుషుణ్ని ఎరుగనని దేవునికి మొక్కుకుని, బిడ్డను తండ్రి వద్దే విడిచి, ఆమె ఆఫ్రికాకు తరలిపోయింది. వధువుకు ఈడు వచ్చేదాకా రెండేళ్లు ఆగలేక అగస్టీన్ మరొకరిని చేరదీశాడు. ఈ సంగతులన్నీ తన ‘కన్ఫెషన్స్’ గ్రంథంలో దాచకుండా రాసుకున్నాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు. ఇద్దరిలో నిష్ఠ ఎవరిదో మీరే గ్రహించండి.

386లో ఆయన హృదయం మారింది. పెళ్లి తలంపు విరమించాడు. మరుసటి ఏట ఈస్టర్ పర్వాన కుమారునితో కలిసి అంబ్రోస్ బిషప్ చేత జ్ఞానస్నానం పొందాడు. అనంతరం హిప్పో నగర బిషప్ అయ్యాడు. వివాహం మేలైనదేనని చెబుతూనే, కామేచ్ఛను ఆదిపాపంతో ముడిపెట్టాడు. దేహవాంఛపట్ల పాశ్చాత్య క్రైస్తవంలో శతాబ్దాలుగా పాతుకున్న అనుమానానికి ఆ బోధ ఒక మూలం.

అయితే 410లో గోతులు రోమును కొల్లగొట్టినప్పుడు, కన్యావ్రతం పూనిన వారితో సహా ఎందరో స్త్రీలు బలాత్కారానికి గురయ్యారు. అలాంటి అవమానం పాలై ప్రాణం తీసుకున్న లుక్రీషియాను రోమన్లు ఆదర్శంగా కొనియాడేవారు. అగస్టీన్ తన ‘దైవనగరం’ తొలి భాగంలోనే ఆ ఆదర్శాన్ని ప్రశ్నించాడు. పవిత్రత సంకల్పానికి చెందిన గుణమని, మనసు సమ్మతించనిదే పరుల దౌర్జన్యం దాన్ని హరించజాలదని, పాపం చేసినవాడిదే గాని బాధితురాలిది కాదని వాదించాడు. బతికి ఉన్నందుకు ఆ స్త్రీలను నిందించరాదని తేల్చిచెప్పాడు.

430లో వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా ఆయన కన్నుమూశాడు.

పాఠకులారా! పవిత్రతను గురించి బోధించే ముందు మీ మాటల బరువు ఎవరిపై పడుతుందో యోచించండి. ఎవరో చేసిన పాపానికి నిందను మోస్తున్న సోదరి ఆలయంలో మీ పక్కనే కూర్చుని ఉండవచ్చు. ఆమె తలెత్తుకుని ప్రార్థించగలిగిన నాడే ఆ బోధ సార్థకమవుతుంది.